గడి ముందర దించిన నాగళ్లు

హైదరాబాదు
శనివారం

సోమయ్యన్నా, పెద్దవాడివి కాబట్టి నీకు తమ్ముడు రాజలింగం నమస్కారాలు.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. బాపు దగ్గు తగ్గిందా? అవ్వ కంటికి పంపిన మందు వేసుకుంటోందా, దాచిపెట్టుకుందా? నా గురించి ఫికరు పెట్టుకోవద్దని ఇద్దరికీ చెప్పు. రెండు పూటలా తింటున్నాను. హోటల్ పప్పు నీళ్లలా ఉంటుంది గానీ కడుపైతే నిండుతుంది. చలి ముదిరింది. నా గదిలో ఉండే ఓదెలుది టేకుమట్ల. ఇద్దరం ఒకే గొంగడి కప్పుకుని చదువుకుంటున్నాం. ఈ ఏడాది లా పాఠాలు కొన్ని ఇంగ్లీషులో, కొన్ని ఉర్దూలో. దేన్నైనా మన మాటలో పెట్టి ఓదెలుకు చెబితే గానీ నా తలకెక్కదు.

వదిన పంపిన చింతకాయ తొక్కు ఎల్లయ్య మామ తెచ్చాడు. దాంతోపాటు ఒక వార్త కూడా తెచ్చాడు.

కూర్చోమంటే మామ కూర్చోలేదు.

"ఏం వకీలు సాబ్, మంచిగనే రాసినవ్ బిడ్డా" అన్నాడు.

"ఏం రాసిన మామా?"

"గదే, కానూను దొర దిక్కే ఉన్నది, భూములు వాపస్ ఇయ్యుండ్రి అని. మీ అన్న వాడకట్టోళ్లందర్ని కూసోబెట్టి చెప్పిండు. నువ్వు రాసినవంటే ఇగ మేమేం మాట్లాడుతం? నాగళ్లు తీస్కపోయి దొర గడి ముందర దించి, మొక్కి వచ్చినం."

"నేను రాయలేదు మామా!"

మామ నా మొహంలోకి చూశాడు. "రాయలేదా? మా ముసల్ది పొద్దుమాపు నిన్నే తిడుతున్నది గదరా! గిప్పుడు గా తిట్లన్నీ ఎవనికియ్యాలె?"

అన్నా, ఆ తిట్లు ఎవరివో నీకు తెలుసు.

తాతల నాటి నుంచి మనం, మామ వాళ్లు దొరకు కౌలు కట్టి దున్నిన భూమి అది. సంఘం వచ్చి దొర పారిపోయిన రోజు "ఇగ గిది మనదేరా" అని అక్కడి మన్ను తీసి నా నుదుటికి పూసింది నువ్వు. నువ్వు తెచ్చిచ్చిన కరపత్రాలు చదివే నాకు లా చదవాలని పుట్టింది. తర్వాత మిలిట్రీ వచ్చింది. దాని వెనకే దొర తిరిగొచ్చాడు. క్యాంపులో నిన్ను ఎట్లా కొట్టారో నాకు తెలుసు. భయపడ్డానని చెప్పుకుంటే ఊళ్లో ఒక్కరు కూడా నిన్ను వేలెత్తి చూపేవారు కాదు. నీ భయానికి నా పేరు ఎందుకు పెట్టావు?

"తమ్ముని సదువు ఆగొద్దని దొర మాట విన్న" అని ఇంట్లో అన్నావని మామ చెవిన పడిందట. నా చదువు ఆపిస్తానని దొర బెదిరిస్తే నాకొక ముక్క రాయలేకపోయావా? మొదటి రైలుకే వచ్చేవాణ్ణి. వాడకట్టు అంతా పొలాలు పోగొట్టుకుంటే నడిచే చదువు నాకు వద్దు.

ఇప్పుడు పని సంగతి విను. నాగలి దించితే భూమి వదిలినట్టేనని మన దిక్కు అందరూ అనుకుంటారు. కొత్త కౌలు కానూనులో అట్లా లేదు. కౌలుదారు భూమి వదులుకోవాలంటే కాగితం మీద రాసివ్వాలి. తహసీల్దారు అతణ్ణి ఎదురుగా నిలబెట్టి, ఇష్టపూర్తిగానే వదులుతున్నావా అని అడగాలి. మాకు భూమి చట్టాలు చెప్పే ప్రొఫెసరు సాబును కూడా అడిగాను. "రాత లేదు, తహసీల్దారు అడిగింది లేదు. హక్కు ఎక్కడికి పోతుంది?" అన్నారు.

అమావాస్య దాటిన మంగళవారం అందరినీ జనగామ తహసీల్ కచేరీకి తోలుకురమ్మని దొర నీకే పురమాయించాడని మామ చెప్పాడు. ఎందుకో తెలుసా? ఆ కాగితం మీద వేలిముద్రలు వేయించడానికి. ముద్ర పడితే ఇక ఏ కానూనూ ఆదుకోదు. నా పేరు విని నాగళ్లు దించినవాళ్లు, నా పేరు విని వేలు కూడా చాపుతారు.

అందుకే ఈ ఉత్తరం టపాలో వేయకుండా ఎల్లయ్య మామ చేతికిస్తున్నాను. వాడకట్టులో చదువు వచ్చినవాడివి నువ్వొక్కడివే. అందరినీ కూర్చోబెట్టి నువ్వే చదవాలి. మామకు అక్షరం రాకపోయినా ఏం రాశానో మొత్తం వినిపించాను. ఒక్క మాట మింగినా పట్టేస్తాడు.

మంగళవారం నేను కచేరీ ముందర ఉంటాను. నువ్వు దొర పక్కన నిలబడితే, మా అన్న నా పేరు మీద అబద్ధం చెప్పాడని తహసీల్దారు ముందే అంటాను. ఆ మాట నా చేత అనిపించకు అన్నా.

బాపుకు, అవ్వకు దండాలు. తొక్కు కోసం ఓదెలు నాతో కొట్లాడుతున్నాడని వదినకు చెప్పు, సంతోషపడుతుంది. పిల్లలకు ముద్దులు. నీ ఆశీర్వాదం ఇప్పుడు అడగను. జనగామలో, నువ్వు వాడకట్టువాళ్ల పక్కన నిలబడితే, అందరూ చూస్తుండగా కాళ్లకు మొక్కి అడుగుతాను.

నీ తమ్ముడు
రాజలింగం