తొమ్మిదో ఏరేటర్

నాన్నకు కెజియా వందనాలు.

అమ్మా నేనూ బాగానే ఉన్నాం. అమ్మ ఒక పూట తిని ఒక పూట మానేస్తోంది, దాన్ని బాగుండడం అనుకుంటే. నువ్వు ఫోన్ తీయవు, తిమోతి అన్న చేత చీటీ పంపినావు కాబట్టి నేనూ కాగితం మీదే రాస్తున్నా. చిట్టమూరులో ఇటుకల పని నీ నడుముకు పడదు. చెప్తే వింటావా!

చీటీలో రెండు అడిగినావు. మొదటిది నా ఉద్యోగం. ఈ పూటకి ఉంది. రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ తగ్గితే సైరన్ మోగించే మా ప్రోగ్రాం, కంటికి కనపడకుండా వెనకాల నడిచేది, రెండు నెలలుగా ఉన్నట్టుండి కూలిపోతోంది. కూలిన ప్రతిసారీ ఒక కొత్త చోట. మేనేజర్ విజయభాస్కర్ కంప్యూటర్ మార్చినాడు. "ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నదానివి, నీకేం దొరుకుద్ది" అన్నాడు. ప్రతి లెక్కకూ మెమరీలో ఒక చోటుంటుంది నాన్నా. ఏ లైను తన చోటు దాటి రాసినా అక్కడే పట్టుకునే కాపలా పెట్టి, మీ గుంటలో రొయ్యలు చచ్చిన రోజు రికార్డంతా మళ్ళీ నడిపినా. పట్టుబడింది.

నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు, ప్రోగ్రాంలో ఒక్కో గుంటకి ఎనిమిదింటికే చోటుంది. ఆ సాయంత్రం రేవతక్క గుంటలో రొయ్యలు పైకి తేలుతున్నాయని నువ్వు మీ గుంటలోది ఒకటి మోసుకెళ్ళి ఇచ్చినావు. అక్కడ అది తొమ్మిదోది. దాని లెక్క పక్కనున్న మీ గుంట చోటులో పడి, సైరన్ ఎప్పుడు మోగాలో చెప్పే అంకెను చెరిపేసింది. అందుకే ఆ రాత్రి మీ సైరన్ మోగలేదు. ప్రోగ్రాం కూలిన రోజులు చూస్తే అన్నీ ఎవరో ఎవరికో ఏరేటర్ ఇచ్చిన రోజులే.

రెండోది. "పెంచలప్రసాద్ గారు అన్నట్టు నిజంగానే కునుకు తీసినానేమో పాపా" అని అడిగినావు. చదివి ఒళ్ళు మండిపోయింది. నిన్ను గుంట కాపలా పనిలోంచి తరిమేసిన ఆ యజమాని మీద కాదు.

ఆ ఎనిమిది రాసింది నేను. ఎండల్లో గుంటలవాళ్ళు ఏరేటర్లు ఇచ్చిపుచ్చుకుంటారని ఆఫీసులో ఎవరికీ తెలీదు. నాకు తెలుసు, చిన్నప్పుడు నువ్వు ఏరేటర్ మోసుకెళ్తుంటే తాడు రెండో కొస పట్టింది నేనే. "నీళ్ళకేసి చూస్తూ కూర్చోవద్దు, సైరన్‌ను నమ్ము" అని నీతో అన్నదీ నేనే. ఇది దొరికి పదకొండు రోజులైంది. "రైతులకు తెలిస్తే ఆఫీసు మూతే, నోరు మూసుకో" అన్నాడు విజయభాస్కర్. మూసుకున్నా. నీ చీటీ వచ్చేదాకా మూసుకునే ఉన్నా.

మేలుకొనే ఉన్నానని అరగంటకోసారి షెడ్డులో నువ్వు నొక్కే బటన్ కూడా రికార్డులో ఉంది. ఆ తెల్లారుజామున మూడున్నరకి నొక్కినావు. నాలుక్కి నొక్కినావు. నాలుగున్నరకి నొక్కినావు. నువ్వు నిద్రపోలేదు నాన్నా.

ఆ రికార్డూ, ఇదంతా రాసిన ఇంకో కాగితమూ పొద్దున పెంచలప్రసాద్ గారి చేతిలో పెట్టొచ్చినా.

ఇట్లు,
నీ కళ్ళను నమ్మొద్దన్న నీ కూతురు
కెజియా