తుమ్మిపూలకు మందు కొట్టారు

బీర్‌గావ్, రాయపూర్
మంగళవారం

అక్కకి,

నీ చెల్లెలు రాజ్యం దణ్ణాలు పెట్టి రాస్తోంది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వూ, బావా, శీనుగాడూ కులాసాయే కదా?

శివరాత్రి వెళ్ళగానే ఎండ ముదిరింది. ఫ్యాక్టరీ మసి వంటింట్లోకీ వస్తోంది, తుడిచిన చోటే మళ్ళీ తుడవాలి. తెలుగు మాట్లాడదామంటే మనిషి దొరకడు. ఊసుపోక సాయంత్రాలు మా లక్ష్మిని వెంటబెట్టుకుని ఇళ్ళ వెనకున్న చిట్టడవిలోకి వెళ్ళేదాన్ని. చెట్ల కింద నేలంతా తుమ్మిపూలే అక్కా! వాటి మీద తేనెటీగలు, బుల్లి నీలం సీతాకోకచిలుకలు. మనం చిన్నప్పుడు చేసినట్టే పువ్వు లాగి మొదలు చప్పరించడం దానికి నేర్పాను. బుద్ధిలేని పని చేశాను.

నిన్న ఒక్కదాన్నే వెళితే ఒక్క ఈగ చప్పుడు లేదు. తేనెటీగలన్నీ పూల కింద వెల్లకిలా పడి ఉన్నాయి. వాటికి చీమలు కూడా పట్టలేదు. పుల్లలేరుకునే ముసలమ్మ దూరం నుంచే అరిచింది, “మత్ ఛూ బహూ! దవాయీ మారే హైఁ. మేరీ బకరీ భీ మర్ గయీ!” ముట్టుకోవద్దంది. వారం నుంచి మందు కొడుతున్నారట, దాని మేక కూడా చచ్చిపోయిందట.

ఇంటికొచ్చి మీ మరిదిని నిలదీశాను. “అక్కడ మా ఫ్యాక్టరీవోళ్ళు కొత్త షెడ్డు ఏస్తారట. చెదలకి మందు కొడతన్నారు. పూలు నోట్లో ఎట్టుకుంటారని నేను కలగన్నానా?” అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

లక్ష్మికి రెండు రోజులుగా వాంతులు. డాక్టరు మందులిచ్చి, కనిపెట్టుకుని ఉండమన్నాడు. పొద్దున కాస్త గంజి తాగింది. బాగానే ఉంది, నువ్వు బెంగపడకు.

ఇది రాస్తుంటే పక్కలో పడుకున్న పిల్ల లేచి, “అమ్మా, శీనన్నయ్యకి నా పూలు అందేయా?” అంది.

“ఏం పూలే?”

“పెద్దమ్మ ఉత్తరం మెతుకులతో నన్నే అంటించమన్నావు కదా, అందులో ఎట్టేను. తేనె ఉంది, చప్పరించు అని కాగితం మీద రాసేను.”

అక్కా, ఆ కవరు పోస్టులో వేసి నాలుగు రోజులైంది. మీ పక్కింటి ఫోను మోగుతోందే గాని ఎవరూ ఎత్తడం లేదు. మా వీధి రైల్వే గార్డు గారు సెలవు మీద ఇప్పుడే విజయనగరం బయల్దేరుతున్నారు, ఇది ఆయన చేతికిస్తున్నాను. కవరు విప్పకపోతే విప్పకు, పాతిపెట్టెయ్. విప్పి ఉంటే, వాడు ఆడుకుంటున్నా సరే, ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళు. నన్ను తర్వాత తిట్టుకో.

బావకి, మీ అత్తగారికి నా దణ్ణాలు. దీవించమని చెప్పు, పిల్లలిద్దరినీ.

నీ చెల్లెలు
రాజ్యం