వీపున కట్టొద్దు

అమ్మా,
ఎండుచేపల బుట్టతో జొంబా బజారుకు వెళ్తున్నా. నువ్వు లేచేసరికి పాప తియామికే కూడా లేస్తుంది. దాని ఎముకలు పుట్టుకతోనే పెళుసని డాక్టరమ్మ చెప్పింది కదా, చంకల కింద పట్టి ఎత్తకు. మెడ కింద ఒక చెయ్యి, పిర్రల కింద ఇంకో చెయ్యి పెట్టి దిండుతో సహా ఎత్తు. గుడ్డ మార్చేటప్పుడు కాళ్లు పట్టి లేపకు, మెల్లగా పక్కకు ఒత్తిగిలించు. గంజి పొయ్యి పక్కనే ఉంది.

మనవరాలిని వీపున కట్టుకుందామని నువ్వు తెచ్చిన చితెంజె గుడ్డ దాచేశాను. "అమ్మమ్మ వీపెక్కని పిల్ల కూడా ఒక పిల్లేనా?" అన్నావు నిన్న. మనసు చివుక్కుమంది. నాకు మాత్రం ఆశ లేదా? నన్ను కట్టుకుని నువ్వు మొక్కజొన్న దంచుతుంటే, నీ పాట నోటికంటే ముందు వీపులోంచే నా చెవికి చేరేది. ఇప్పటికీ బస్సు కిటికీకి తల ఆనిస్తే అదే గుర్తొస్తుంది.

నీ కూతురు ఎస్నార్ట్

అన్నట్టు, గుడ్డ ఎక్కడికీ పోలేదు, పాప కిందే పరిచాను. ఏడిస్తే పక్కనే అటు తిరిగి పడుకో. నీ వీపు దాని చెంపకు ఆనీ ఆననట్టు పెట్టి ఆ దంపుడు పాట పాడు. దానికీ వినపడనీ.