మీ గదిలో పెట్టిన లారీ సీటు

దుర్గేష్ సేటు గారికి నమస్కారం.

మీ కుర్చీ ఎవరూ ఎత్తుకుపోలేదు, గోడ పక్కకు జరిపాను. దాని చోట ఉన్నది నా లారీ సీటు. పొద్దున నేనే బోల్టులు విప్పి తెచ్చాను. లారీ నాచారం యార్డులోనే ఉంది.

సీటు ఎడమ వైపు కుంగిందని, నడుము పట్టేస్తోందని ఎన్నోసార్లు చెప్పాను. "లారీ నడుస్తున్నది గద, సీటుకేమైంది? గోనెసంచి ఏసుకో" అన్నారు. వేసుకున్నాను. నిన్న ఉప్పల్ చౌరస్తాలో నా ఎడమ కాలు మొద్దుబారి క్లచ్ మీద నుంచి జారింది. లారీ ముందుకు దూకింది. ముందున్న ఆటోకు జానెడు దూరంలో ఆపగలిగాను. ఆటో అతను దిగి వచ్చి, "ఏందన్నా, బండ్ల ఇస్కూలు పిల్లలున్నరు, కండ్లు కనబడ్తలెవ్వా?" అని అరిచాడు.

ఆ సంగతి ఫోనులో చెబితే, "నువ్వు గాకుంటే ఇంకొకడు" అన్నారు. పిలవండి. అతనికీ ఒక ఎడమ కాలే ఉంటుంది.

మధ్యాహ్న భోజనం వరకు మీరు దీని మీద కూర్చోండి. గోనెసంచి కూడా పెట్టాను. కొత్త సీటు బిగించాకే నేను లారీ ఎక్కుతాను. అప్పటిదాకా గేటు ఎదురుగా చాయ్ హోటల్లో ఉంటాను. మీరు ఎప్పుడు లేచి నిలబడ్డారో అక్కడి నుంచి కిటికీలో కనిపిస్తుంది.

మీ లారీ నడిపేవాడు