మొదటి కప్పు ఎవరు తాగారంటే

హుస్సేనీ ఆలం,
శుక్రవారం మధ్యాహ్నం

శ్రవణ్‌కి,

రశ్మి బోలెడంత ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అత్తమ్మా నేనూ కుశలం. పై వాటా వాళ్లు కుశలం, గోడ మీది పావురాలు మరీ కుశలం. దోహాలో నువ్వూ, నీ గదిలో ఉండే వాళ్లందరూ అలాగే ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఫోన్‌లో రోజూ మాట్లాడుకుంటూ మళ్లీ ఉత్తరాలేమిటని పోస్ట్‌మ్యాన్ నవ్వాడు. ఆయనకేం తెలుసు? ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది. అక్కడ నీ గదిలో అందరూ వింటారు, ఇక్కడ అత్తమ్మ వింటుంది. మధ్యలో మనిద్దరం "తిన్నారా", "తిన్నాను" అనుకుని పెట్టేస్తాం. అత్తమ్మ ముందు నిన్ను మీరు అనే నేను ఈ కాగితం మీద మాత్రం హాయిగా నువ్వు అనగలను. అందుకే నాకు ఇదే ఇష్టం.

వానకు వంటింటి రేకుల కప్పు ఇంకా కారుతోందా అని అడిగావు. కారుతోంది. కింద గిన్నె పెట్టాను. ఆ చినుకుల చప్పుడుకు నాకు కమ్మగా నిద్ర పడుతోంది కాబట్టి బాగు చేయించే తొందరేమీ లేదు. అత్తమ్మకు మోకాళ్లు గడప ముందరి మెట్లు ఎక్కేటప్పుడే నొప్పి, దిగేటప్పుడు లేదట. గల్లీలో ముచ్చట్లకు మనుషులు దొరుకుతారు కాబట్టి దిగేటప్పుడు తెలియదేమో అన్నాను. చీపురు చూపించి బెదిరించింది. ఫోటోలో నేను సన్నబడ్డట్టు కనిపించానని రాశావు. సన్నబడలేదు. ఆ జాకెట్టు నేనే కుట్టుకున్నాను, అందులో అలా కనిపిస్తాను.

ఇక నీ అసలు ప్రశ్న. మెషీన్‌లోంచి వచ్చిన మొదటి కప్పు ఎవరు తాగారు, రంగు ఎలా ఉంది, పైన నురగ నిలిచిందా అని ఒకే ఉత్తరంలో మూడుచోట్ల అడిగావు. దానికి కాస్త ఆగి జవాబు రాస్తాను, అలగకు. మెషీన్ కాఫీ పోస్తోందని విన్నాక మనసు కుదుటపడిందనీ, నెలాఖరుకు పెట్టాల్సిన కొత్త అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకుండా వచ్చేస్తాననీ రాశావు. మనం అనుకున్న మాటే కదా. మెషీన్ పోస్తే ముందు గదిలో కాఫీ దుకాణం పెట్టుకోవడానికి నువ్వు ఇంటికి, పోయకపోతే ఇంకో రెండేళ్లు అక్కడే. "వచ్చేస్తాను" అన్న ఆ ఒక్క మాట ఎన్నిసార్లు చదువుకున్నానో, కాగితం అక్కడ మెత్తబడిపోయింది.

వెస్లీ ఆ మెషీన్‌ను ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన రోజు నీకు సరిగా చెప్పనేలేదు. అక్కడ కాఫీ షాపులో నీ పక్కన నిలబడి దర్జాగా కప్పులు అందించే మనిషి, సెలవుకు ఇక్కడికి వచ్చాక జహనుమాలో ఉండే వాళ్లమ్మ పిలిస్తే చాలు, పరుగెత్తుతాడు. పెట్టె విప్పి, నువ్వు బొమ్మ గీసి పంపిన చోటే, ముందు గదిలో గల్లీ వైపు కిటికీ దగ్గర దాన్ని కూర్చోబెట్టాడు. "సాయంత్రం అచ్చి నడిపించి చూపిస్త వదినా, అప్పటిదాంక ముట్టకుండ్రి" అని చెప్పి వెళ్లాడు. మీ యజమాని వాడేసి పక్కన పెట్టిందే అయినా, తుడిచేసరికి తళతళలాడింది. అత్తమ్మ దానికి కుంకుమ బొట్టు పెట్టింది.

మధ్యాహ్నాలు ఆ గదిలో ఎండ పడుతుంది, నీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు ఆ ఎండ మెషీన్ మీద పడి, గోడ నిండా వెలుగు మరకలు కదులుతుంటాయి. కిటికీ అవతల నడిచే మనుషులంతా దాని స్టీలు పొట్ట మీద చిన్నగా, వంకరగా నడుస్తారు. మేకలు నడుస్తాయి. బెలూన్లవాడు నడుస్తాడు. నేను జాకెట్లకు హుక్కులు కుడుతూ చూస్తూ ఉంటాను. తల తిప్పి కిటికీలోంచి చూస్తే వాళ్లంతా మామూలుగా ఉంటారు కాబట్టి తిప్పను. ఎప్పుడో ఒకసారి వాళ్ల మధ్యలో భుజాన బ్యాగుతో నువ్వు కూడా అలా వంకరగా నడిచొస్తావని అనుకుంటాను. పిచ్చిదని నవ్వుకో.

ఒకరోజు కుట్టుమిషన్ మీద తల వాల్చి నిద్రపోయాను. కలలో మన మెషీన్ పోయడం మొదలుపెట్టింది. కప్పు నిండింది, చెంబు నిండింది, గడప దాటి గల్లీలోకి పారింది. ఎవ్వరూ లొల్లి చేయలేదు. మాదన్నపేట మార్కెట్ దాకా వేడివేడి కాఫీ మెల్లగా పారుతోంటే, కూరగాయలు అమ్మే ఆడవాళ్లు గంపలు పక్కకు జరిపి గ్లాసులు ముంచుకుంటున్నారు. నువ్వు చెప్పులు చేత్తో పట్టుకుని అందులో నడిచి వస్తున్నావు. నీ కాళ్లు కనిపించాయి, చేతులు కనిపించాయి. ముఖం దగ్గరికి వచ్చేసరికి అంతా ఆవిరి. లేచాక చాలా భయమేసింది. ఫోన్‌లో నీ ఫోటో తీసి చూసుకుంటే గాని నిమ్మళించలేదు. నువ్వు లేక నాకు దిగులుగా ఉంది శ్రవణ్. ఇది స్పీకర్ మీద చెప్పే మాట కాదు కదా.

ఆ మొదటి సాయంత్రం ఏమైందో నీకు తెలిసిందే. వెస్లీ వచ్చి ట్యాంకులో నీళ్లు నింపి, పొడి నొక్కి, బటన్ వేశాడు. ఎర్ర దీపం వెలిగింది. మెషీన్ గుర్రుమంది. కప్పులో చుక్క పడలేదు. నువ్వు పంపిన వాయిస్ మెసేజీలు అన్నీ విని, చెప్పింది చెప్పినట్టే చేశాం. ట్యాంకు తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాం. పొడి లేకుండా ఒట్టి నీళ్లు వదిలి చూడమన్నావు. కాస్త కారి ఆగిపోయాయి. పొడి ఏదని అడిగావు. మన ఇంట్లో వాడే ఫిల్టర్ కాఫీ పొడే అన్నాను. అందులో చికోరీ ఉంటుంది, తడిస్తే ఉబ్బి దారి మూసేస్తుంది, పైగా మరీ మెత్తన అన్నావు. చికోరీ లేనిది, కాస్త బరకగా ఆడించి తెచ్చాం. అదీ పోయలేదు. పొడి మరీ అదిమేస్తున్నావేమో అంటే, వెస్లీ పసిపిల్ల బుగ్గ తాకినట్టు తాకి చూశాడు. అయినా లేదు. మూడో రోజుకు గదంతా ఏదో పులిసిన వాసన.

ఇంతవరకే నీకు తెలుసు. ఇక నుంచి తెలియనిది రాస్తాను. కూర్చుని చదువు.

ఆ వాసనకు తట్టుకోలేక గీజర్లు, మిక్సీలు బాగుచేసే మొయిజ్ భాయ్‌ను పిలిచాం. ఆయన ఇలాంటిది ఎన్నడూ చూడలేదు. ముందు నాలుగు దిక్కులా చూసి, వెనక డొప్ప ఊడదీసి, ఒక సన్నటి గొట్టం బయటికి లాగాడు. దాంట్లోంచి తెల్లటి ముద్ద ఒకటి ఆయన అరచేతిలో పడింది. ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దూరం జరిపాడు.

"బాజీ, ఇది కాఫీ మెషీనా, పనీర్ మెషీనా?" అని అడిగాడు.

వెస్లీ నా వంక చూశాడు. నేను అత్తమ్మ వంక చూశాను. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వంక చూస్తోంది.

"ఏమైంది అత్తమ్మా?"

"ఏమైతది? కొత్త పొయ్యి ఇంట్లకు అస్తే ముందుగాల పాలు పొంగియ్యరా? ఉత్తగనే అంటిస్తరా?"

"ఇది పొయ్యి కాదు గదా."

"నిప్పు లేదన్నట్టే గని, నీళ్లు మసలవెడ్తదంటిరి. మసలవెట్టేది పొయ్యి గాకుంటే ఏంది? వెస్లీ పోయినంక, నువ్వు గుండీలు కొనుక్కరానికి పోయినవు. నీళ్లు పోసే కాడ ఒక గ్లాసెడు పాలు పోసి, బటన్ ఒత్తి, పొంగుతయేమో అని చూసిన. ఎటు పోయినయో పోయినయి. పొంగనే లేదు."

ట్యాంకు కడిగి, తుడిచి, నేను వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు కూర్చుందట. లోపలికి వెళ్లిన పాలు లోపలే కాగి, విరిగి, గొట్టాల్లో గట్టిపడ్డాయి. తన కొడుకు దుకాణం చల్లగా ఉండాలని మొక్కి మరీ పోసిందట శ్రవణ్. ఎలా తిట్టమంటావు? మొయిజ్ భాయ్ నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూర్చున్నాడు. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపు కూడా వచ్చింది.

సరిగ్గా ఆ సాయంత్రమే నీ ఫోన్ వచ్చింది. నేను తీసేలోపు అత్తమ్మ తీసింది. "అమ్మా, పోసిందా?" అని నువ్వు అడిగావు. "పోస్తది కొడుకా, మస్తు పోస్తది. ఇగ ఫికర్ జెయ్యకు, అచ్చెయ్యి" అంది. నువ్వు అక్కడ గదిలో కేక వేశావు, నీ దోస్తులందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత "రశ్మీ, నిజమేనా?" అన్నావు. ఆ చప్పట్ల మధ్యలోనే "నిజమేనండీ" అన్నాను. అదీ నేను చేసిన పని.

నీ ఉత్తరం ఇంకా దారిలో ఉండగా నువ్వు ఫోటో పంపమన్నప్పుడు పంపింది మెషీన్ కాఫీ కాదు. మన ఇత్తడి ఫిల్టర్‌లో దిగిన డికాషన్ గాజు కప్పులో పోయించి, కుంకుమ బొట్టు కనిపించేలా మెషీన్ ముందు పెట్టించింది అత్తమ్మ. నువ్వు దాన్ని పెద్దది చేసి చూసి, "నురగ తక్కువుంది, పొడి ఇంకొంచెం మెత్తగ ఆడించుండ్రి" అని చెప్పావు. అప్పుడు నవ్వాను గాని, రెండు రోజులు అన్నం సయించలేదు.

అబద్ధం నిజమైపోతే ఎవరికీ చెప్పనక్కర్లేదు కదా అని, ఆపైన ఎంత పాకులాడామో. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు మళ్లీ మళ్లీ తిప్పాం. గొట్టాలన్నీ విప్పి కుట్టుమిషన్ దుమ్ము దులిపే సన్న బ్రష్షుతో కడిగాను. మొయిజ్ భాయ్ జాలిపడి, దుకాణం మూసుకుని వచ్చి మరీ కూర్చున్నాడు. కానీ నీళ్లు అందక అన్నాళ్లు ఒట్టిగా తిరిగిన పంపు అప్పటికే కాలిపోయింది. లోపల నీళ్లు వేడిచేసే కాయిల్ కూడా పోయింది. పాత మోడల్ కాబట్టి రెండూ కలిపి మార్చడం కన్నా కొత్తది కొనడం నయమట. "ఖతం బాజీ" అని స్క్రూలన్నీ తిరిగి బిగించి, పైన గుడ్డతో తుడిచి వెళ్లాడు. పైసా తీసుకోలేదు. ఇప్పుడు బటన్ నొక్కితే దీపం కూడా వెలగదు.

మొదటి కప్పు ఎవరు తాగారని అడిగావు కదా. ఎవ్వరూ తాగలేదు.

నాలుగు రోజుల్లో వెస్లీ తిరిగి దోహా వస్తున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. నీకు చెప్పనందుకు అతణ్ని ఏమీ అనకు. అత్తమ్మ తన తల మీద ఒట్టేయించుకుంది. "పెద్దమ్మ ఏడుస్తుంటే ఏం జెయ్యాలె వదినా" అని నా దగ్గర తల దించుకున్నాడు.

ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు అత్తమ్మ పక్కన చేరి, "పోస్తదనే రాయి బిడ్డా. ముందుగాల వాడు ఇల్లు చేరని. అచ్చినంక నేనే చెప్పుకుంట. కన్నదాన్ని, తిట్టినా పడ్త" అంది. అలాగే రాశాను కూడా. చక్కటి రంగు, దండిగా నురగ, మొదటి కప్పు అత్తమ్మే తాగింది అని నిండా ఒక పేజీ రాశాను. చాలా బాగా కుదిరింది. చదువుకుంటే నాకే ఆ కాఫీ తాగాలనిపించింది. ఆ పేజీ అందుకుంటే నువ్వు వచ్చేస్తావు, నాకు తెలుసు. గడపలో చెప్పులు విడిచి నువ్వు ముందు వెళ్లేది ఆ కిటికీ దగ్గరికే. బటన్ నొక్కుతావు. ఆ తర్వాత నా ముఖం చూస్తావు. నువ్వు అలా చూసే చూపు ఇప్పుడే కనిపించి, పేజీ చింపేశాను.

ఇప్పుడు నిజం తెలిసింది కాబట్టి నువ్వు సంతకం పెట్టేస్తావేమోనని నాకు గుండె దడగా ఉంది. అది దాచను. ఇంకో రెండేళ్లు అంటే నాకు చేతకాదు. దుకాణం ఎలా పెడతామో తెలియదు. నా జాకెట్ల మీద అద్దె వెళ్తుంది, మిగతాది ఎలా వెళ్తుందో తెలియదు. నువ్వు వచ్చి ఖాళీగా కూర్చుంటే మనిద్దరికీ పోట్లాటలు రావచ్చు, వస్తాయి కూడా. అవన్నీ ఆలోచించే రాస్తున్నాను. మెషీన్ పోస్తోందని విని రావద్దు. పోయదని తెలిసి రా.

ఇప్పుడే అత్తమ్మ లోపలి నుంచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అద్దాలు లేకుండా చదవలేదు కాబట్టి కాగితం వంక చూడలేదు, నా ముఖం వంకే చూసింది.

"పోస్తదని రాసినవా?"

"లే అత్తమ్మా. పోస్తలేదని రాసిన. రమ్మని రాసిన."

అత్తమ్మ కాగితం అంచును వేలితో తడిమింది. కిటికీ అవతల ఎవరో బండి తోసుకుంటూ వెళ్లారు.

"రెండూ ఒక్క కాయితంలనే రాసినవా?" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, "అయితే మంచిగ మడతవెట్టు" అంది.

ఇట్లు,
నీ ఇల్లాలు
రశ్మి