చెప్పులన్నీ జతగానే ఉన్నాయి

నరసరావుపేట

నాయనా,

ఫోనులో నీకు మాట వినపడటం లేదని కార్డు రాస్తున్నాను. నువ్విచ్చిన కుక్కపిల్ల బుడ్డోడు ఇక ఇక్కడే ఉంటాడు. గెలిచాం.

అపార్టుమెంటులో అందరూ చెప్పులు గడప బయటే విడుస్తారు. వీడు రోజుకొకరి చెప్పు ఎత్తుకొచ్చి నమిలేవాడు. మేం అరుస్తూ వెంటపడితే ఆటనుకుని ఇంకా పరిగెత్తేవాడు. అసోసియేషన్ ప్రెసిడెంటు హనుమయ్య బాబాయి, "నెలలోగా మానకపోతే దాన్ని మీ నాయన దగ్గరికే పంపాల" అన్నారు.

తప్పు నీదే నాయనా. నూజెండ్లలో ఆడుకోమని నీ పాత చెప్పు వాడికిచ్చావు, ఇక్కడికీ దాన్నే ఇచ్చి పంపావు. లోకంలో చెప్పులన్నీ తనవే అనుకున్నాడు. ఆ చెప్పు తీసేసి, పాత తువ్వాలుకు ముడులేసి ఇచ్చాను. వెంటపడటం మానేశాం. పిలవగానే చెప్పు వదిలేసి వస్తే ఉడికిన గుడ్డు ముక్క పెట్టాను. మూడు వారాలు పట్టింది.

నిన్న బాబాయి కావాలనే తన కొత్త తోలు చెప్పులు వాడి ముక్కు ముందు విడిచి నిలబడ్డారు. వాడు వాసన చూశాడు, నా మొహం చూశాడు, వెళ్ళి తన తువ్వాలు తెచ్చుకుని కూర్చున్నాడు.

"ఏందమ్మా, చానా బుద్ధిమంతుడే" అన్నారు బాబాయి.

కల్లంలో మిరపకాయలు ఎత్తారా? అమ్మ కంట్లో చుక్కలు వేసుకుంటోందా? ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి ఇచ్చి పంపు. మీ ఇద్దరికీ నా నమస్కారాలు.

నీ దగ్గరున్న రెండో కుక్కపిల్ల బాబాయికి కావాలట. పంపు. దానికీ చెప్పు ఇచ్చి ఉంటే, ముందు అది లాక్కుని పంపు.

దేవిక