అత్తయ్య వేసిన ఓటు

వదినా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి ఎలక్షన్ నిన్న అయిపోయింది. అమ్మ ఓటు అమ్మనే వెయ్యనివ్వరా అని ప్రతిసారీ మీ తమ్ముడితో పోట్లాడేదానివి. అందుకే రాస్తున్నాను.

రెంటచింతల ఎండలో అత్తయ్యను ఆటోలో తీసుకెళ్లాం. ఆమెకు చూపు ఆనదని చెప్పి, ఎప్పటిలాగే బటన్ తనే నొక్కుదామని మీ తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకుని బూత్‌లోకి నడిచాడు.

"తోడు కావాలా అమ్మా?" అని ఆఫీసరు అత్తయ్యను అడిగాడు.

"అక్కర్లేదయ్యా. గుర్తులు కనపడతానే ఉన్నయ్," అంది.

గోడ పట్టుకుని ఒక్కతే వెళ్లింది. చాలాసేపు పట్టింది. వెనక లైన్లో వాళ్లు విసుక్కున్నారు.

ఆటోలో మీ తమ్ముడు అడుగుతూనే ఉన్నాడు. "ఎవరికేశావో చెప్పమ్మా. మనింటి ఓట్లన్నీ వేయిస్తానని పార్టీవాళ్లకి మాటిచ్చా."

ఆమె కళ్లు మూసుకుని కూర్చుంది. అప్పటినుంచి ఆయన ఆమెతో మాట్లాడటం లేదు. ఇద్దరూ చెరో గదిలో తింటున్నారు. కంచాలు అటూ ఇటూ మోయడం నా వంతైంది.

ఇందాక ఆమె కాళ్లకు నూనె రాస్తూ, ఎవరికేశారని నేనూ అడిగాను.

"చానా అలిసిపోయానే. నీక్కూడా చెప్పను," అని అటు తిరిగి పడుకుంది.